జల్లెడ పైన మిగిలే నేల

భూసార పరీక్షకు పంపిన మట్టిని ప్రయోగశాలలో ముందు నీడన ఆరబెడతారు. గడ్డలు చిదిపి, 2 మిల్లీమీటర్ల రంధ్రాలున్న జల్లెడలో పోస్తారు. కిందికి రాలిన సన్నమట్టే లెక్కలోకి వస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక అన్నీ దాని మీదే కొలుస్తారు. జల్లెడ పైన మిగిలిన రాళ్లను పారేస్తారు. నల్లరేగడి పొలాలకు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది, ఎందుకంటే అక్కడ జల్లెడ మీద మిగిలేది తక్కువ. కడప జిల్లాలో పాలకొండల వాలు మీది నుంచో, లంకమల కింది మేత బీటి నుంచో తెచ్చిన మట్టిని అదే జల్లెడలో పోయండి. చాలాచోట్ల సగానికి పైగా పైనే ఉండిపోతుంది. సగం నేలను చూడకుండానే మనం ఆ నేల మంచిచెడ్డలు తేల్చేస్తున్నామన్నమాట. ఈ అధ్యాయం ఆ పారేసే సగం గురించి.

ముందు కొలతలు. 2 మిల్లీమీటర్ల లోపు ఉన్నదంతా సన్నమట్టి: ఇసుక, ఒండ్రు, బంకమన్ను. అంతకు మించి 7.5 సెంటీమీటర్ల దాకా ఉన్నది గరుసు. దానికి పైన 25 సెంటీమీటర్ల దాకా గుండ్రాళ్లు, ఆపైన బండలు. మన దేశంలోనూ వాడుకలో ఉన్న అమెరికా వ్యవసాయ శాఖ వర్గీకరణ ప్రకారం, నేల ఘనపరిమాణంలో 15 నుంచి 35 శాతం రాళ్లుంటే అది గరుసు నేల. 35 నుంచి 60 అయితే చాలా గరుసు. 60 దాటితే మితిమీరిన గరుసు. వేళ్లు తిరిగే లోతులో రాళ్లు 35 శాతం దాటాయంటే ఆ నేలను అసలు వేరే కుటుంబంలోకే చేరుస్తారు. అక్కడి నుంచి నీరు, వేడి, వేళ్ల నడక అన్నీ మారిపోతాయి కాబట్టి.

ఘనపరిమాణం అన్న మాట ఇక్కడ ముఖ్యం. రాయి బరువైనది, ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు తూగుతుంది. ఖాళీలు కలుపుకుని సన్నమట్టి 1.4, 1.5 గ్రాములకు మించదు. అందుకే సగం చోటు ఆక్రమించిన రాళ్లు తూకంలో దాదాపు 65 శాతం ఉంటాయి. తూకం చూసి నేలను అంచనా వేస్తే రాయి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. జల్లెడ పట్టిన మట్టిని మాత్రమే చూస్తే రాయి అసలు లేనట్టే ఉంటుంది. రెండో పొరపాటు పెద్దది. సన్నమట్టిలో సేంద్రియ కర్బనం 1 శాతం ఉందని నివేదిక వచ్చిందనుకోండి. రాళ్లు లేని నేల అయితే పై 20 సెంటీమీటర్లలో హెక్టారుకు సుమారు 28 టన్నుల కర్బనం ఉన్నట్టు. అదే నేలలో సగం రాయి ఉంటే నిజంగా ఉన్నది 14 టన్నులే. కాగితం మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఈ నేలను కొలవడమే ఒక కష్టం. మట్టి నమూనా తీసే బరమా దిగదు. నీరు ఇంకే వేగం చూసే ఇనుప వలయాన్ని సుత్తితో కొడితే వంగిపోతుంది. పద్ధతిగా చేయాలంటే గుంత తవ్వి, తీసినదంతా అక్కడే జల్లించి, రాళ్లనూ మట్టినీ వేరుగా తూచి, గుంతలో పలుచని ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచుదాకా నీళ్లు పోసి, ఎన్ని లీటర్లు పట్టాయో చూడాలి. గుంత ఘనపరిమాణం అలా తెలుస్తుంది. కొండ మీదికి నీళ్ల డబ్బాలు మోసుకుపోయి ఇంత శ్రమ పడేవాళ్లు కొద్దిమందే. గరుసు నేలల గురించి మనకు లెక్కలు తక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

ఇక ఈ రాళ్లు ఎక్కడివి? పాలకొండలు, శేషాచలం, లంకమల, నల్లమల అన్నీ కడప శిలా సముదాయానికి చెందిన కొండలు. విలియం కింగ్ 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున ఈ శిలల మీద వెలువరించిన గ్రంథం నేటికీ వాటి అధ్యయనానికి పునాది. ఆ సముదాయానికి అట్టడుగున ఉన్న గుల్చేరు క్వార్ట్‌జైట్ వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే. ఒకనాటి తీరపు ఇసుక గట్టిపడి రాయి అయింది. క్వార్ట్‌జైట్ అంటే దాదాపు అంతా సిలికానే, మనం పలుగురాయి అనే పదార్థమే. అది పగులుతుంది, పెచ్చులూడుతుంది, అంచులు పదునైన ముక్కలై వాలు వెంట జారుతుంది. కానీ ఎన్ని వేల ఏళ్లు నానినా బంకమన్నుగా మారదు. మొక్కకు కావలసిన భాస్వరం, పొటాషియం, కాల్షియం అందులో లేవనే చెప్పాలి. వాటిని ఇచ్చేది ఆ రాతి పొరల మధ్య ఇరుక్కున్న షేల్. పలుచని పలకలుగా విడిపోయే ఈ మెత్తని రాయి తొందరగా కుళ్లి బంకమన్ను అవుతుంది. గాలి తెచ్చిన దుమ్ము, రాలిన ఆకు, వానలో కరిగి వచ్చినది దానికి తోడు.

పడమటికి, రాయచోటి, మదనపల్లె వైపు పోతే కథ వేరు. అక్కడి గుట్టలు గ్రానైట్, నైస్ రాళ్లవి. గ్రానైట్‌లోని ఫెల్స్‌పార్ కుళ్లి బంకమన్ను అవుతుంది, పలుగు గింజలు ముతక ఇసుకగా, సన్న గరుసుగా మిగిలిపోతాయి, ఇనుము తుప్పుపట్టి మొత్తానికి ఎరుపు రంగు పులుముతుంది. కాబట్టి గరుసు నేల అంటే ఒక్క నేల కాదు. ఏ రాయి ముక్కో చూడాలి. పలుగురాతి ముక్క చుక్క నీరు పీల్చదు. సగం కుళ్లిన షేల్ పెచ్చు, మెత్తబడిన గ్రానైట్ ముక్క తమలో కొంత నీరు దాచుకుంటాయి, సన్నని వేళ్లు వాటి పగుళ్లలోకి దూరి ఆ నీటిని తీసుకుంటాయి. రెండింటినీ ఒకే శాతం కింద రాసేస్తే పొరపాటే.

బీద రాతి నేల కూడా కొన్ని చెట్లకు అనువైనదేనని ఎర్రచందనం సహజంగా పెరిగే చోట్లు చూస్తే అర్థమవుతుంది. శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల ప్రాంతాల్లో, నీరు నిలవని రాతి వాలుల మీద అది స్థిరపడింది. లోతైన మంచి మట్టి దొరికే చోట ఇతర చెట్లు దాన్ని మించిపోతాయి. బీద నేల మీద నెమ్మదిగా పెరగడమే దాని బతుకుదారి.

ఒకే కొండ మీద కూడా నేల ఒకేలా ఉండదు. 1930ల్లో తూర్పు ఆఫ్రికా నేలలను సర్వే చేసిన జెఫ్రీ మిల్న్ దీన్ని స్పష్టంగా చూపించాడు. శిఖరం నుంచి లోయ దాకా నేలలు గొలుసులా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పైనుంచి పోయినదే కింద చేరుతుంది. మన దగ్గరా అంతే. నెత్తిన బోడి రాయి, దాని కింద జానెడు లోతు కూడా లేని గరుసు, నడి వాలులో రాళ్లు నిండిన ఎర్రమట్టి, పాదం దగ్గర వాగులు తెచ్చి పరిచిన మేట, ఆ తర్వాత పొలాలు. మేత బీళ్లు ఈ వరుసలో పై మూడింటి మీద ఉన్నాయి. దున్నడానికి పనికొచ్చేదంతా దున్నేశాక పశువులకు మిగిలింది అదే.

ఇప్పుడు నీటి దగ్గరికి వద్దాం. గరుసు నేల చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది ఇదే.

నష్టం మొదట చెబుతాను. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి మీటరు లోతులో మొక్కకు అందే నీటిని సుమారు 110 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. లోతు 40 సెంటీమీటర్లే అయితే అది 44 అవుతుంది. అందులో సగం నీరు పీల్చని రాయి అయితే 22 మిల్లీమీటర్లు. పచ్చని గడ్డి రోజుకు 5 మిల్లీమీటర్లు ఖర్చు చేస్తుందనుకుంటే నాలుగైదు రోజుల్లో ఖాతా ఖాళీ. మీటరు లోతున్న రేగడి నేల దగ్గర 150 మిల్లీమీటర్లకు పైగా నిల్వ ఉంటుంది. లెక్క ఇక్కడ ఆపేస్తే గరుసు నేల పనికిరానిదే.

ఆపకూడదు. కడపలో ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్లు, రెండు రుతుపవనాల్లో విడివిడిగా పడుతుంది. పెద్ద వానల మధ్య చిన్న జల్లులు చాలా. 10 మిల్లీమీటర్ల జల్లు పడిందనుకోండి. రాళ్లు లేని ఎండిన ఎర్రమట్టిలో ఆ నీరు 9 సెంటీమీటర్ల లోతు దాకా తడిపి ఆగిపోతుంది. మర్నాటి ఎండకు ముందు ఆరేది ఆ పై పొరే. సగం రాయి ఉన్న నేలలో నీరు చేరడానికి చోటు సగమే కాబట్టి అదే జల్లు 18 సెంటీమీటర్లు దిగుతుంది. కాకి కూజాలో గులకరాళ్లు వేసి నీటిని పైకి తెచ్చిన కథ మనందరికీ తెలుసు. ఇక్కడ అదే లెక్క కిందికి పనిచేస్తుంది. కింది సగం ఎండకు అందదు, గడ్డి వేరుకు అందుతుంది. పెద్ద వానను దాచుకోలేని నేల చిన్న వానను జాగ్రత్తగా దాచుకుంటుంది. కరువు సీమలో ఈ రెండో గుణం విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

పైన పరుచుకున్న రాళ్లు చేసే మేలు వేరు. మట్టిలోంచి ఆవిరి పైకి రావాలంటే సన్నని రంధ్రాల వరుస ఉపరితలం దాకా తెగకుండా ఉండాలి. రాళ్ల పొర ఆ వరుసను తెంపేస్తుంది. చైనాలోని గాన్సు ప్రాంత రైతులు సుమారు 300 ఏళ్లుగా పొలాల మీద కావాలని గులకరాళ్లు, ఇసుక పరిచి పుచ్చకాయలు పండిస్తున్నది ఈ గుణాన్ని నమ్ముకునే. చినుకు దెబ్బను కూడా రాయే కాస్తుంది. మన ఎర్రనేలలకు ఒక జబ్బుంది: వాన చినుకు కొట్టగానే పైన సన్నమట్టి చెదిరి, రంధ్రాలు మూసుకుపోయి, ఆరాక పెంకులా బిగుస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రాల్లో ఎర్రనేలల ఈ తీరును ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. రాయి కప్పిన చోట చినుకు మట్టిని తాకదు, పెంకు కట్టదు. రాయి మీద పడిన నీరు అంచున జారి, కింద తెరిచి ఉన్న రంధ్రాల్లోకి ఇంకుతుంది.

అయితే ఒక షరతు. రాయి మట్టి మీద వదులుగా కూర్చుని ఉండాలి. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ పోసెన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం ఇది. వదులు రాయి నీటిని ఇంకిస్తుంది. పెంకు కట్టిన మట్టిలో సగం కూరుకుపోయిన రాయి నీటిని పరుగెత్తిస్తుంది. రాళ్లు అవే, శాతమూ అదే, ఫలితం మాత్రం తలకిందులు. రాయిని మట్టిలోకి కూరేది ఎవరు? తడి నేల మీద తిరిగే గిట్టలు. పొడి వాలు మీద మంద నడిస్తే రాళ్లు కదిలి పక్కకు జరుగుతాయి. జోరువాన పడిన మర్నాడు అదే మంద నడిస్తే రాళ్లు బురదలోకి దిగి, ఆరాక సిమెంటులో పెట్టినట్టు బిగుసుకుంటాయి. పెద్ద వాన తర్వాత రెండు రోజులు నిటారు వాలులను మందకు దూరంగా ఉంచితే వచ్చే వానకు ఇంకేది పెరుగుతుంది. ఖర్చు లేని ఇంత మంచి నేల సంరక్షణ నాకు మరొకటి తెలియదు.

రాళ్లకు ఇంకో గుణముంది. వాటి శాతం బాగా పెరిగినచోట అవి ఒకదానికొకటి ఆనుకుని పైబరువు తామే మోస్తాయి. మధ్యలోని మట్టి నలగదు, గుల్లగానే ఉంటుంది. వేరు ఆ గుల్లలో రాయి చుట్టూ తిరిగి పోతుంది. గరుసు నేలలో గడ్డి దుబ్బును పీకి చూస్తే రాళ్ల మీద వలలా అల్లుకున్న పీచువేళ్లు కనిపిస్తాయి. విత్తనం సంగతి కూడా అంతే. మన గుట్టల మీద విరివిగా కనిపించే హెటిరోపోగాన్ అనే గడ్డి గింజకు పొడవాటి మీసం ఉంటుంది. తేమ తగిలితే ఒకవైపు, ఆరితే ఇంకోవైపు మెలి తిరుగుతూ ఆ మీసం గింజను బరమాలా లోపలికి దించుతుంది. పెంకు కట్టిన చదును నేలలో అది దిగడం కష్టం. రాళ్ల సందులో సులువు.

మరి రాళ్లు పైనే ఎందుకు పోగవుతాయి? సన్నమట్టిని వానా గాలీ తీసుకుపోతే ముతకది మిగులుతుంది, ఇది సగం జవాబు. మిగతా సగం పురుగులది. చార్లెస్ డార్విన్ 1881లో వానపాముల మీద రాసిన పుస్తకంలో తన ఇంటి దగ్గరి రాళ్ల బీడు ముప్పై ఏళ్లలో పచ్చిక కింద కప్పబడిపోయిన సంగతి చెప్పాడు. వానపాములు కింది మట్టిని పైకి తెచ్చి పోస్తుంటే రాళ్లు కిందికి పోయాయి. మన మెట్ట కొండల మీద ఆ పని చెదపురుగులది. చెద మోయగలిగేది సన్నమట్టినే. పుట్టలు లేస్తాయి, వానకు కరుగుతాయి, పక్కకు పరుచుకుంటాయి. వేల ఏళ్లకు రాళ్లు లోపల ఒక వరుసగా స్థిరపడతాయి, పైన సన్నమట్టి పొర ఏర్పడుతుంది. గట్టు కోసినచోట ఎర్రమట్టి మధ్య రాళ్ల చార కనిపిస్తే అది పాత వాగు కానక్కర్లేదు, చెదల కష్టార్జితం కూడా కావచ్చు. ఆ పై పొర కొట్టుకుపోయి రాళ్ల చార బయటపడిన వాలులు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి ఇది మొదటినుంచీ రాళ్ల గుట్టే అనుకుంటాం. అది చాలాసార్లు నిజం కాదు.

కొండ నేల పోగొట్టుకునే దారి ఇంకొకటి ఉంది, అది కంటికి కనపడదు. పగలంతా గొర్రెలు, మేకలు గుట్ట మీద మేస్తాయి. రాత్రి దొడ్లో ఉంటాయి, లేదంటే రైతు పొలంలో మంద కడతారు. మంద కట్టినందుకు రైతు కాపరికి గింజలో డబ్బో ఇస్తాడు. పొలానికి ఎరువు దక్కుతుంది, కాపరికి గాసం దక్కుతుంది. ఎన్నో తరాలుగా సాగుతున్న మంచి ఏర్పాటు ఇది, దాన్ని తప్పుపట్టే ఆలోచన నాకు లేదు. కానీ లెక్కగా చూస్తే గుట్ట మీది నత్రజని, భాస్వరం ప్రతి సాయంత్రం మంద కడుపులో కిందికి దిగుతున్నాయి. రాతి నుంచి భాస్వరం దాదాపు పుట్టని క్వార్ట్‌జైట్ గుట్టకు ఇది తిరిగిరాని సొమ్ము. వేరుశనగ చేను పచ్చదనంలో కొండ వాటా ఉందని గుర్తిస్తే, ఆ కొండకు కొంత విరామం ఇవ్వడం న్యాయమనిపిస్తుంది. ఉమ్మడి గుట్టను భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని గడ్డి గింజ పట్టి రాలేదాకా వదిలేయడం కాపరులు, రైతులు కూర్చుని చేసుకోగల ఒప్పందమే. రేగు, బలుసు, కలివి పొదల కింద ఆకు రాలి, మట్టి ఆగి, నేల బలపడుతుంది. విరామం ఇచ్చిన గుట్టలో గడ్డి ముందు పుంజుకునేది ఆ పొదల అంచుల్లోనే.

పొదలు అనగానే కలివి కోడి గుర్తొస్తుంది. 1900 తర్వాత కనపడక, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని ఆవాసం లంకమల పాదంలోని రాతి పొదల బీళ్లు. రాత్రి తిరిగే పక్షి, గరుసు మీద దాని అడుగుజాడ పడదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య ఖాళీల్లో మెత్తని మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక వాటి మీద అడుగుజాడలు వెతికారు. వాళ్లు తేల్చిందేమిటంటే, ఈ పక్షికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడి గుట్టా పనికిరాదు. మధ్యలో ఖాళీలున్న పొదల బీడు కావాలి. మితమైన మేత అలాంటి బీడును నిలుపుతుంది. రాతి నేల, పొద, గొర్రె, పక్షి ఒకే లెక్కలో ఉన్నాయి.

ఇంత పని చేసే నేల ప్రభుత్వ పటాల్లో ఏ పేరుతో ఉంది? హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహకారంతో వెలువడే బంజరు భూముల అట్లాసులో రాతి భూములు, పొదల భూములు విడివిడి పద్దుల కింద బంజరుగానే నమోదవుతాయి. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది, గడ్డి ఎండిన నెలలో గుట్ట బోడిగానే కనపడుతుంది. కానీ బంజరు అన్న ముద్ర పడ్డాక ఆ భూమిని దేనికి ఇచ్చినా అభ్యంతరం చెప్పేవాళ్లుండరు. గరుసు తవ్వకం అందులో మొదటిది. రోడ్ల కింద పరచడానికీ, ప్లాట్లు మెరక చేయడానికీ పొక్లెయిన్లు గుట్ట పాదాన్ని కొరుకుతున్నాయి. తీసుకుపోయేది రాయి ఒక్కటే కాదు, రాళ్ల మధ్యనున్న సన్నమట్టి కూడా.

ఆ మట్టి ఎంత కొద్దిదో ఒక్కసారి లెక్క చూడండి. మీటరు లోతు పొలంలో ఒక సెంటీమీటరు మట్టి పోతే నూరింట ఒక వంతు పోయినట్టు. 40 సెంటీమీటర్ల లోతులో సగం రాయి ఉన్న గుట్ట మీద ఉన్న మొత్తం సన్నమట్టి 20 సెంటీమీటర్లకు సమానం. అక్కడ ఒక సెంటీమీటరు పోతే ఇరవయ్యింట ఒక వంతు పోయినట్టే. ఒక సెంటీమీటరు మట్టి కొత్తగా పుట్టడానికి వందల ఏళ్లు పడుతుంది, క్వార్ట్‌జైట్ మీద ఇంకా ఎక్కువ.

మీ ఊరి గుట్ట మీద ఒక అడుగు లోతు గుంత తవ్వి, వచ్చినదాన్ని జల్లించి, రాళ్లెన్నో మట్టెంతో మీ చేతులతో తూచి చూడండి. బడి పిల్లలతో చేయించదగిన పని ఇది. ఆ లెక్కను పంచాయతీలో రాసి ఉంచండి. గరుసు తవ్వకం మాట గ్రామసభలో ఎప్పుడు వచ్చినా ఆ కాగితం ముందు పెట్టండి. గుట్టను ఎన్ని గొర్రెలు మేస్తున్నాయో, ఆ మందలు ఎన్ని ఎకరాల్లో ఎరువు పోస్తున్నాయో కాపరులను అడిగి దాని పక్కనే రాయండి. ఆ రెండు లెక్కలూ చూడకుండా ఏ మేత గుట్టనూ బంజరుగా తీర్మానించనివ్వకండి.